సాయమ్మవ్వకు మోగని గంట

శుక్రవారం, కొత్తకోట

సాయమ్మవ్వను గంట కొట్టకుండానే మట్టిలో పెట్టారు. సంఘంలో ఎవరు పోయినా చర్చి గంట కొడతారు, ఆమెకు కొట్టలేదు. రోడ్డు మీద కంకర కొట్టుకునే నాకు సువార్త పుస్తకం ముందుపెట్టి అక్షరాలు నేర్పింది ఆమెనే. ఇక తెలియని మాట ఎవరిని అడగాలి?

పొద్దున పాస్టరయ్యను నిలదీశాను.

"పోచమ్మకు కోసిన యాట కూర తిన్నదిరా. సంఘంల పేరు తీసేసినం" అన్నాడు.

తిన్నది నిజమే. గొల్ల మల్లమ్మ ఇంట్లో పెడితే తిన్నది. ఎందుకు తిన్నావని అప్పుడే అడిగితే అవ్వ నవ్వింది. "వాళ్ల కూర నాకొద్దంటె, నా ఏసయ్య ముచ్చట వాళ్లెందుకింటరు కొడుకా?"

ఈ రోజు బొంద దగ్గరికి సంఘం నుంచి నేను తప్ప ఎవరూ రాలేదు. మల్లమ్మ, ఆమె కోడళ్లు వచ్చారు. నుదుట బొట్టుతోనే, అవ్వ నేర్పిన ఏసయ్య పాట చివరిదాకా పాడారు. వాళ్లు చర్చికి ఎన్నడూ రాలేదు, ఇక వస్తారో రారో. పాట మాత్రం వాళ్ల నోట ఉండిపోయింది.

పాస్టరయ్యా, రేపు నీ ముందర నిలబడి ఇదే అంటాను. ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు అవ్వ పేరున గంట కొట్టు. లేదంటే ఆమె చేసిన తప్పేమిటో మల్లమ్మ ముఖం చూసి చెప్పు.