పాత స్పీకరే పెట్టాను

వెర్నన్,

బీన్స్ సన్నని సెగ మీద ఉన్నాయి, చర్చికి బయల్దేరేముందు పొయ్యి ఆపెయ్. కార్న్‌బ్రెడ్‌లో కరకరలాడే మూల ముక్క నీకే ఉంచాను.

నా చిన్న గిటార్ ఆంప్‌కి నువ్వు నిన్న బిగించిన కొత్త స్పీకర్ విప్పేశాను. గరాజ్ బల్ల మీద ఉంది. పాతదే మళ్లీ పెట్టుకుని తీసుకెళ్తున్నాను. కొత్తది మంచిదే, కానీ దాని జోరుకి వాల్యూమ్ మీట రెండో అంకె దాటకముందే పాస్టర్ చెవులు మూసుకుంటాడు. ఈ ఆంప్ మీట చివరిదాకా తిప్పితేనే గొంతు పగిలి పాడుతుంది. మెత్తగా మోగే ఆ పాత కాగితం స్పీకర్‌తోనే చర్చిలో అంతవరకూ తిప్పగలను.

"పాతది బొంగురుపోయింది డెల్ఫీన్, అందరూ నవ్వుతారు" అన్నావు. ఆ బొంగురే నాకు కావాలి. పద్దెనిమిదేళ్లు గాయకబృందం వెనకాల వాయించాను. ఈ ఆదివారం మొదటిసారి నేనొక్కదాన్నే వాయిస్తున్నాను. నవ్వేవాళ్లని నవ్వనీ. నువ్వు మాత్రం ముందు వరసలో కూర్చో.

డెల్ఫీన్

తా.క. నువ్వు కొత్తగా అతికిన వైర్లు భలే గట్టిగా ఉన్నాయి. పాతదానికీ వాటినే తగిలించాను. పాట మధ్యలో ఊడాయో, తప్పు నీదే.