తలుపు మీద తొమ్మిది పాయింట్ నాలుగు

ఆగస్టు 3

ప్రియమైన మావయ్యకు,

ఫోన్ చేస్తే "రాసి పంపవే, మాట గాలికి పోతుంది" అంటావు కాబట్టి రాస్తున్నాను. యూనివర్సిటీలో చేరి నెలయింది. హాస్టల్లో నాకిచ్చిన గది ఎంత ఇరుకంటే, కుర్చీ వెనక్కి జరపాలంటే ముందు తలుపు మూసుకోవాలి. నాతో ఉండే అమ్మాయి స్నానాల గదిలో కూడా సూత్రాలు వల్లె వేస్తుంది. బయట బకెట్లతో నిలబడ్డవాళ్లకి కూడా అవి వచ్చేస్తున్నాయి.

కంప్యూటర్ సైన్సు, ఆర్థికశాస్త్రం, ఫిజిక్సు మూడూ కలిపి చదువుతానంటే అమ్మ "నీకున్నవి రెండే కాళ్లు, మూడు పడవలెందుకే" అంది, గుర్తుందా? అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఫిజిక్సు మాష్టారు కొలవమంటారు. ఆర్థికశాస్త్రం మాష్టారు "అనుకుందాం" అంటారు, అనుకుని ఊరుకోకుండా దాని మీద మేడ కట్టేస్తారు. కంప్యూటరు మాత్రం ఏం చెప్పినా తలూపుతుంది, తప్పు చెప్పినా సరే.

మొన్న లోలకం ప్రయోగం చేయించారు. దారానికి ఇనప గుండు కట్టి ఊపి, ఊగే కాలాన్ని బట్టి భూమి లాగే బలాన్ని లెక్కకట్టాలి. తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి రావాలని పుస్తకంలో ఉంది. మా వరసలో అందరికీ అచ్చంగా అదే వచ్చింది. నాకేమో తొమ్మిది పాయింట్ నాలుగు. పక్కమ్మాయి నా చెవిలో "వెనక నుంచి లెక్కేసి కాలం మార్చెయ్యి, ఎవరు చూడొచ్చారు" అంది. నాకు మాత్రం నీ వర్క్‌షాప్ బల్ల మీద కూర్చుని కాళ్లూపిన రోజులు గుర్తొచ్చాయి. "కనిపించింది రాయి, కావలసింది రాయకు" అనేవాడివి. తొమ్మిది పాయింట్ నాలుగే రాశాను. సగం మార్కులు కోసేశారు. నువ్వయితే ఏమనేవాడివో తెలుసు కాబట్టి నాకు బాధ లేదు.

నీ కొలబద్ద


ఆగస్టు 11

ప్రియమైన కొలబద్దకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అత్త "ప్రేమలేఖ కాదు కదా, అన్నిసార్లెందుకు" అంది. ఊరుకోవే, అంతకంటే పెద్దది అన్నాను.

నీకు తక్కువెందుకు వచ్చిందో చెప్పనా? దారం కొలిచి ఊరుకుని ఉంటావు. గుండు నడుమ దాకా కొలవాలి. చిన్నప్పుడు బల్లలన్నీ కొలిచేసి బల్ల మందం వదిలేసేదానివి, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! కాని పిల్లా, తప్పుగా కొలిచినా వచ్చింది వచ్చినట్టు రాశావు చూడు, దానికి నా గుండె నిండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా మన ఊరి యూనివర్సిటీ ఫిజిక్సు ల్యాబులో పరికరాలు బాగుచేస్తూ ఎన్ని వేల రికార్డులు చూశానో. అన్నిట్లోనూ అదే ఎనిమిది ఒకటి. అందుకే ఎర్ర పెయింటు తెచ్చి వర్క్‌షాప్ తలుపు లోపలివైపు 9.4 అని అరచేతంత అంకెలతో రాశాను. కొత్త పిల్లలు ఇదేమిటని అడుగుతారు. అడిగినవాళ్లకల్లా నీ కథ చెబుతున్నాను. కాస్త కోతలు కూడా కలుపుతున్నాననుకో.

నా పని మామూలే. పిల్లలు రాకముందే వెళ్లి త్రాసుల పళ్లేలు తుడవడం, కటకాల మీద వేలిముద్రలు తీయడం, వదులైన మరలు బిగించడం. పై వాళ్లు ఇప్పుడు నెలనెలా రిజిస్టరు పంపమంటున్నారు. విరిగినవీ, నేను బాగుచేసినవీ రాసి, ఒక్కోదాని చివరా నా మామూలు మాట రాస్తాను: "తప్పు పరికరానిది కాదు." నెలకొకటి ఉంటే గొప్ప. మిగతా పనంతా విరక్కుండా చూడటమే కదా, దాని గురించి ఏం రాస్తాం? "ఈ రోజు కూడా ఏమీ కాలేదు" అని రాయనా?

వేళకి తిను.

మావయ్య


ఫిబ్రవరి 2

ప్రియమైన మావయ్యకు,

చేరి మూడో ఏడు, చివరి ఏడాది కదా, ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయి, తిట్టుకోకు. ఈసారి మంచి కబురుంది. నా ప్రాజెక్టుకి మా ఆర్థికశాస్త్రం మాష్టారే అంశం ఇచ్చారు. యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఉన్న ప్రధాన కార్యాలయం, ల్యాబుల్లో ఎక్కడ మనుషులు ఎక్కువున్నారో తేల్చి చెప్పమందట. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, పేర్లూ ఊళ్లూ తీసేసి, ఉద్యోగానికొక అంకె వేసి ఇచ్చారు. ఏడాదిలో ఎవరు ఎన్ని పనులు చేశారో లెక్కేసి వరస కట్టే ప్రోగ్రాం రాశాను. తల ప్రాణం తోకకొచ్చింది కాని, నిన్న నడిచింది!

అరవై రెండు ఉద్యోగాల్లో అన్నిటికంటే అడుగున పదిహేడో నంబరు ఉంది. ఏడాది మొత్తం మీద తొమ్మిదే పనులు. మాష్టారు చూసి "ఈయనెవరో ఆవలించడానికి జీతం తీసుకుంటున్నాడు" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. ఇరవయ్యో తారీకున ప్రధాన కార్యాలయం వాళ్ల ముందు చూపించాలి. నచ్చితే అక్కడే ఉద్యోగమట. దిష్టి తగలకుండా నీకూ అత్తకీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ కొలబద్ద


ఫిబ్రవరి 9

ప్రియమైన కొలబద్దకు,

ఉద్యోగం మాట విని మీ అత్త వీధంతా చెప్పేసింది. ఇక దిష్టి సంగతి నువ్వే చూసుకో.

ఒక్క మాట అడుగుతాను. నీ ప్రోగ్రాంకి విరిగినవి తెలుస్తాయి, బాగానే ఉంది. విరగనివి ఎలా తెలుస్తాయి? ఆ పదిహేడో నంబరువి తొమ్మిదే కదా. ఇరవయ్యో తారీకులోగా ఒకసారి తెరిచి, ఏం రాశాడో చదువు. అంకె కాదు, మాటలు చదువు.

ఇంకేం లేదు. చలిగా ఉంది, తల తడిగా ఉంచుకోకు.

మావయ్య


ఫిబ్రవరి 23

ప్రియమైన మావయ్యకు,

బాగా జరిగింది. అడిగినవాటికల్లా తడుముకోకుండా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. పరీక్షలవగానే వచ్చి చేరమన్నారు.

నువ్వు చెప్పినట్టే ఆ తొమ్మిదీ చదివాను. ప్రత్యేకంగా ఏమీ లేదు, మామూలు రిపేర్లే. రిజిస్టరులో లేని పని లేనట్టే మావయ్యా, మేము అలాగే లెక్క కట్టాలి. లేకపోతే ఎవరికి వాళ్లు చాలా చేశామంటారు.

చదవాల్సింది చాలా ఉంది. మళ్లీ రాస్తాను.

నీ కొలబద్ద


ఆగస్టు 19

ప్రియమైన కొలబద్దకు,

ఆర్నెల్లుగా నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కొత్త ఉద్యోగం, పనెక్కువేమోలే అనుకున్నాను. మీ అమ్మ నోట వినేకంటే నేనే చెప్పడం నయం. నా ఉద్యోగం తీసేశారు.

పదిహేడో నంబరు నేనే. నువ్వు రాసిన "తొమ్మిది" చదివిన రోజే నా రిజిస్టరు తెరిచి లెక్కపెట్టుకున్నాను. నీకు ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నా కోసం మార్చినట్టుంటుంది. చదివితే నీ అంతట నీకే తెలుస్తుందనుకున్నాను. చదివానన్నావు, ఏమీ లేదన్నావు. కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు నా చివరి మాట అక్కర్లేదని కొట్టేసి ఉంటారు. అది లేకపోతే నువ్వు మాత్రం ఎలా గుర్తుపడతావు?

ఉత్తర్వుకి ముందు, రిజిస్టర్లో వదిలేసినవి ఉంటే రాసుకోమని పదిహేను రోజులు గడువిచ్చారు. మా ల్యాబు పెద్దాయన స్వయంగా వర్క్‌షాప్‌కి వచ్చి "వెనక తేదీలతో రిజిస్టరు నింపవయ్యా. పక్క ల్యాబుల వాళ్లు పెన్నులు మార్చి మార్చి రాస్తున్నారు, నీకేం పోయేకాలం" అన్నాడు. రాస్తే అదేం చేయని పని కాదు. కాని ఏ రోజు ఏ త్రాసు తుడిచానో నాకేం తెలుసు? తేదీలు కల్పించాలి. సరేనని కూర్చున్నాను కూడా. కలం మూత తీసి తలెత్తితే ఎదురుగా తలుపు మీద నీ అంకె. పద్దెనిమిదేళ్ల పిల్ల మార్కులు పోయినా పరవాలేదని నిజం రాసింది. యాభై ఆరేళ్లవాణ్ణి, నేను రాస్తానా? మూత పెట్టేశాను.

వర్క్‌షాప్ తాళాలు ఆఫీసు గుమస్తాకి అప్పగించమని ఉత్తర్వులోనే ఉంది. ఇచ్చేశాను, ఆయన సొరుగులో పడేసుకున్నాడు. ఇప్పుడు ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు బాగుచేసే కొట్లో కూర్చుంటున్నాను. ఇక్కడికి విరిగినవే వస్తాయి. విరక్కముందు ఎవరూ తీసుకురారు. కోపం లేదని చెప్పను, ఒళ్లు మండుతోంది. కాని నీ మీద కాదు. వాళ్లు నీ లెక్కని ఇలా వాడతారని నీకేం తెలుసు.

మావయ్య


సెప్టెంబరు 6

ప్రియమైన మావయ్యకు,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు నా తరఫున కారణాలు వెతికి పెట్టావు.

నీ చివరి మాటని ఎవరూ కొట్టెయ్యలేదు. తొమ్మిదింటి చివరా ఉంది. మొదటిది తెరవగానే "తప్పు పరికరానిది కాదు" అని కనిపించింది. పదిహేడో నంబరు నువ్వేనని అప్పుడే తెలిసింది. మర్నాడే వాళ్ల ముందు చూపించాలి. పనుల పట్టిక పక్కన పెట్టి మళ్లీ మొదలుపెడితే గడువు దాటిపోతుంది, నా లెక్క నేనే తప్పంటే మాష్టారి ముందు పరువు పోతుంది. "అది నేనే, ఆపు" అని నువ్వే రాసి ఉంటే ఆపేదాన్నని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నాకు ఆ ఉద్యోగం కావాలి మావయ్యా, అంతే. నీకు మాత్రం ఏమీ లేదని రాశాను.

ఇంకోటి ఉంది. ఇది చెప్పడం అంతకంటే కష్టం.

నాకు తొమ్మిది పాయింట్ నాలుగు వచ్చిన మాట నిజం. గుండు నడుమ దాకా కొలవలేదన్నదీ నిజమే. కాని రికార్డులో రాసింది అది కాదు. పక్కమ్మాయి చెప్పినట్టే వెనక నుంచి లెక్కేసి తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి రాశాను. పదికి పది వేశారు. ఆ సాయంత్రం సిగ్గేసింది. కనీసం ఉత్తరంలోనైనా నువ్వు పెంచిన పిల్లలా ఉందామని అలా రాశాను. నువ్వు తలుపు మీద పెయింటుతో రాశావని తెలిశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఏడాదికేడాది కొత్త పిల్లలకి నా కథ చెబుతున్నావని రాసినప్పుడల్లా నవ్వుతూ జవాబిచ్చాను. నువ్వు దాన్ని చూసి కలం మూత పెట్టేస్తావని కల్లో కూడా అనుకోలేదు.

ఆ అంకె చెరిపెయ్యమని అడుగుదామనుకున్నాను. కాని ఆ తలుపు తీయడానికి ఇప్పుడు నీ దగ్గర తాళాలు లేవు. వాటిని గుమస్తాకి అప్పగించాలన్న వాక్యం నేను రాసిందే. ఇక్కడ చేరాక నాకిచ్చిన మొదటి పని ఆ ఉత్తర్వు రాయడం.

నీ మేనకోడలు