నోట్‌బుక్కులో నాన్న గడి

బ్రూక్‌ఫీల్డ్, జులై 9

నా రంజితకు,

పూణేలో నీ ట్రైనింగు ఇంకో మూడు వారాలేగా, ఈలోగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావా? నా ఫోను ఎప్పుడూ చాందిని చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి దాని కంట పడకూడదు. అందుకే కాగితం, కొరియరు.

నువ్వు వెళ్ళేముందు కొన్న కుచ్చుతోక ఎలుకలు, ఆ నల్ల జెర్బిళ్ళ జంటలో ఆడది మసి అయిదు పిల్లల్ని పెట్టిందని చెప్పాను కదా. పుట్టినప్పుడు వేరుశనగ గింజలంత ఉన్నాయి, ఒంటిమీద నూగు కూడా లేదు. మసి తినడానికి లేస్తే చాలు, మగది బొగ్గు వచ్చి వాటిమీద వెచ్చగా పడుకునేవాడు. చాందిని నోట్‌బుక్కులో గళ్ళు గీసి "అమ్మ: మసి, నాన్న: బొగ్గు" అని రాసుకుంది. రోజూ స్కూలు నుంచి రాగానే ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టుకుని రంగు చూస్తోంది. అయిదో రోజుకి రెండింటి చర్మం నల్లబడింది. మిగతా మూడింటికి నిన్న నూగు వచ్చింది. గోధుమరంగు, పొట్ట తెల్లన.

"రెండూ నల్లవైతే బ్రౌన్ పిల్లలు పుట్టవంట నాన్నా. చదివినాను. ఇరవైనాలుగు రోజులు మొయ్యాలంట, ఇది కొన్న పద్దెనిమిదో రోజే పెట్టింది. అంటే షాపులోనే ఇంకెవరో..." అని ఆగి, నాన్న గడిలో బొగ్గు పేరు రబ్బరుతో చెరిపేసింది. "తప్పు రాసినాను" అంది.

 దానికి పదమూడేళ్ళు నిండేలోపు మన నోటితోనే చెబుదామని నువ్వన్నావు. వద్దని ఒట్టు వేయించుకుంది నేను. కన్నతండ్రి తేజస్ పోయేనాటికి దానికి ఏడు నెలలు, గుర్తులేనిదాన్ని తవ్వడమెందుకని వాదించాను. అసలు సంగతి అది కాదు రంజితా. అది నన్ను నాన్నా అని పిలవడం మానేస్తుందని భయం. పదకొండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను.

తనవి కాని పిల్లల్ని కొరికేస్తాడేమోనని బొగ్గుని తీసి బకెట్లో పెట్టాను. ఒకటే గీకుతున్నాడు.

నీ హరీశ్


బ్రూక్‌ఫీల్డ్, జులై 20

రంజూ,

నీచేత వేయించుకున్న ఒట్టుని నేనే తీసి గట్టున పెట్టేశాను. కోప్పడకుండా చదువు.

మసి తిండి తగ్గించేస్తే, చాందినిని తీసుకుని, వీటిని అమ్మిన శ్రీనివాసప్ప దగ్గరికి వెళ్ళాను. ముసలాయన నన్ను కడిగేశాడు. "మగదాన్ని తీసేస్తివా? ఏం మనిషివప్పా! అది రంగు జూసి పెంచుతాదా? దానికి వాసనే లెక్క. ఆ గూట్లో పండుకున్నాడంటే పిల్లలు వానివే. ఇప్పుడు నేరుగా ఇడిస్తే మసి కొరుకుతాది. నడుమ వల పెట్టి, ఈ పక్క పరిచిన రంపప్పొట్టు ఆ పక్కకి, ఆ పక్కది ఈ పక్కకి రోజూ మార్చు. వారం ఓపిక పట్టు."

"బ్రౌన్ మగది ఉండేదా తాతా?" అని అడిగింది చాందిని.

"ఉండె పాపా. శానా మంచిది. సచ్చిపాయ."

ఇంటికొచ్చి వల బిగిస్తుంటే నా నోరు ఆగలేదు. తేజస్ పేరు, బండి ప్రమాదం, మన పెళ్ళి, అన్నీ చెప్పేశాను. అది వల రెండో కొస తనే బిగించి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు "అన్నం పెట్టు", "సాక్సులెక్కడ", అంతే. ఆ మాటల్లో నాన్నా అన్న పిలుపు లేదు. బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

మూడో రోజు పొట్టు మారుస్తూ, తలెత్తకుండా అడిగింది: "నిన్ను కూడా నాకిట్లానే అలవాటు చేసినారా నాన్నా?"

అవునన్నాను. నేనెత్తుకుంటే గుక్కపెట్టేదానివి, మీ అమ్మ పచ్చ చున్నీ భుజాన వేసుకుంటేనే ఊరుకునేదానివి, ఆర్నెల్లు ఆ చున్నీతోనే తిరిగానన్నాను. పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

నిన్న వల తీసేశాం. మసి ఒకసారి వాసన చూసి ఊరుకుంది. పిల్లలకి కళ్ళు తెరుచుకున్నాయి, గోధుమరంగువి మూడూ తిన్నగా బొగ్గు పొట్ట కిందికి దూరాయి. నోట్‌బుక్కులో నాన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇద్దరి పేర్లు పట్టాలంటే పెద్దది గీయాలంట.

తేజస్ ఫొటో నా మాట మీద ఎక్కడో దాచావు కదా. ఎక్కడుందో చెప్పు, అది అడుగుతోంది. ఆ చున్నీ ఉంటే అదీ చూడాలంట.

నీ హరీశ్