నీ తోటలో కట్టిన బదనికలు

శృంగవరపుకోట,
మే 19

ప్రియమైన తిరుమలరావు బావకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, కొట్టెయ్యడం లేదు. అక్కతో నీ పెళ్లయిన కొత్తలో, పదో తరగతి చదివే నాకు భూతద్దం ఇచ్చి మన కొండ మీద మొదటి ఆర్కిడ్ పువ్వు చూపించింది నువ్వే. నేను సైన్సు టీచరునయింది ఆ పువ్వు వల్లనే. అదే కొండ మీద చెట్లు నరకొచ్చని, "అక్కడ ఆర్కిడ్లు లేవు" అని అటవీ అధికారిగా సర్వే కాగితం మీద సంతకం పెట్టిందీ నువ్వే. సర్వేకి మాఘమాసం ఎందుకు ఎంచుకున్నావో నాకు తెలీదనుకున్నావా? అప్పుడవి చాలావరకు ఆకు రాల్చి ఎండుపుల్లల్లా ఉంటాయి. తెలియనివాడు పొరబడితే సరే. నువ్వు ముహూర్తం చూసుకుని మరీ పొరబడ్డావు.

కొండ సగం నరికేశారు. పడిన కొమ్మల మీంచి నేనూ, కట్టెలమోపులు అమ్ముకునే లక్ష్మణమ్మా నూట నలభై మొక్కలు ఒలిచి తెచ్చాం. మన వైపు చెట్టు మీద మొలిచే ప్రతిదాన్నీ బదనిక అనేస్తారు కదా, ఆవిడా అంతే.

"బదనికలకి ఇంత బెంగేటమ్మా? సెట్టు రసం పీల్సేస్తాది కదా అది."

"పీల్చదు. కొమ్మ మీద కూర్చుని గాలీ వానా తాగి బతుకుతుంది."

"మరి సెట్టుని పీల్సీది ఎవులు?"

"మా బావ."

"అయితే ఆయన్ని ఒలవాల," అంది, కత్తి కింద పెట్టకుండానే.

ఒలవలేదు. వాటన్నిటినీ నీ మామిడితోటలో, నీ చెట్లకే కొబ్బరిపీచుతో కట్టాను. అక్క తాళం ఇచ్చింది. అవి పూసిన రోజు మీ పై అధికారులనీ విలేకరులనీ అక్కడికే తీసుకొస్తాను. లేవన్న పూలు నీ నెత్తి మీదే వేలాడాలి. మిగతా సగం కొండ అప్పుడు నిలబడుతుంది. నువ్వు తల దించుకోవడం నేను దగ్గరుండి చూడాలి. శాంతంగా మాట్లాడుకుందామనకు, ఆ మాట ఎప్పుడూ నరికినవాళ్లే అంటారు.

నీ మరదలు,
సుహాసిని


జూలై 27

బావా,

నువ్వు నాకంటే తెలివైనవాడివి. పూలు రాకముందే మిగతా సగం కొండ నరకడానికి కాగితం పెట్టావు. అందులో నా ఫొటో ఉంది. నిచ్చెనెక్కి నీ చెట్టుకి మొక్క కడుతూ నవ్వుతున్నాను. తీసింది అక్క. కింద నీ రాత: "కనిపించిన కొద్దిపాటి ఆర్కిడ్లను స్థానిక ఉపాధ్యాయురాలు సురక్షితంగా తరలించారు. కాబట్టి అభ్యంతరం లేదు." నా కష్టాన్నే గొడ్డలికి పిడి చేశావు.

వారం రోజులు నీ మీద కరపత్రాలు రాశాను, చింపాను. ఎంత తిట్టినా అందులో ఒక నిజం రాయలేకపోయాను. అవి సురక్షితంగా లేవు. అరవై ఒకటి చచ్చిపోయాయి. కొండ మీది మంచు, నాచు పట్టిన బెరడు నీ మామిడికి ఎక్కడివి? నిన్ను అవమానించే తొందరలో అవి అక్కడ బతుకుతాయో లేదో ఆలోచించలేదు. ఎండినవాటిని ఎవరూ చూడకుండా పీకి దాచాను. నిన్ను గెలిపించింది నా దాపరికమే.

ఇక దాచను. సోమవారం విజయనగరంలో నీ కాగితం మీద విచారణ. నేను మొక్కలను కాపాడలేదనీ, తరలించి చంపాననీ నా పేరుతో రాసిస్తాను. స్కూలూ, ఊరూ నవ్వుకోనీ. తరలిస్తే బతుకుతాయన్న నీ కాగితం నాతోపాటే మునగాలి. బతికినవాటిని లక్ష్మణమ్మ నిన్ననే నరకని వైపు చెట్లకి కట్టేసింది. చచ్చినవి గోనెసంచిలో తెస్తున్నాను. ఒక్కొక్కటే నీ బల్ల మీద పెడతాను, అందరి ముందూ నువ్వే లెక్కపెట్టు.

విచారణ అయ్యాక మీ ఇంటికి భోజనానికి రమ్మని, అక్క వంట చేసి ఉంచుతానంది. వద్దని చెప్పు.

సుహాసిని