మూడోసారి పాతిన మేకు

జగ్గయ్యపేట,
14 మార్చి 1965, ఆదివారం.

ప్రియమైన మీకు జయమణి నమస్కారాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మాయీ, మీ అన్నగారింట్లో అందరూ కులాసాగానే ఉన్నాం. ఆ మంచుకొండల్లో మీరూ, మీ జవాన్లూ అంతే కులాసాగా ఉండాలని పూట పూటా ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

మీ ఉత్తరం బుధవారం అందింది. అడిగినవన్నీ వరసగా చెబుతాను, తొందరపడకండి. గేదె ఈనింది, పెయ్యదూడ. ప్రేమకుమారి లెక్కల్లో బాగానే ఉంది, ఇంగ్లీషులో మాత్రం అచ్చం మీ పోలికే. మీ వదిన ఆరోగ్యమ్మక్క మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. మీరు పంపిన నూనె రాసుకుంటూ, "మిలిటరీ నూనె కూడా నన్ను నడిపించలేకపోయిందే" అని నవ్వుతోంది. మీ స్వెట్టరు చేతుల దాకా వచ్చింది. ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. ఒళ్ళో ఉన్ని పెట్టుకుని అల్లుతుంటే చెమటలు కారిపోతున్నాయి. మార్చి నెలలో ఉన్ని పట్టుకున్న ఆడది ఈ తాలూకా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక మీ చర్చిల్ దొర సంగతి. జనవరిలో ఆయన పోయినప్పుడు మీ ఆఫీసర్లు చెప్పుకున్నారని దీనికి ముందటి ఉత్తరంలో రాశారు. పొద్దున లేచింది మొదలు గ్లాసు చేతిలోనే ఉండేదట, అయినా హిట్లర్‌ని మట్టి కరిపించాడట, మరి నేను చలికి తాగే రెండు మూతల రమ్ముకి నీ సణుగుడేమిటి అని అడిగారు. అబ్బో! మీ రమ్ము తరఫున ఎంత పెద్ద వకీలుని తెచ్చుకున్నారండీ!

నేనూ పేపర్లో చదివాను. ఆ గ్లాసులో విస్కీ తక్కువ, సోడా ఎక్కువ అని కొందరంటారు. కాదు, నిజంగానే గట్టిగా తాగేవాడని కొందరంటారు. మన గాంధీగారిని నానా మాటలూ అన్నాడు, మనకి స్వరాజ్యం ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. అదంతా కూడా ఆ గ్లాసు గొప్పేనా? అయినా ఒక్కటి ఒప్పుకుంటాను. హిట్లర్‌తో రాజీకి పోదామని పక్కవాళ్ళు అన్నప్పుడు కాదన్నాడట. తాగినా తాగకపోయినా, కాదనాల్సిన చోట కాదన్నాడు. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే మన పాలెం పెద్దకి, అదే మీ అన్నయ్యకి, రెండు ముంతల కల్లు పడితే ఆ ఒక్క మాటే నోట్లోంచి రాదు.

బావగారితో గొడవపడ్డావట, నిజమేనా అని ఈసారి అడిగారు. నిజమే. రాసింది మీ అన్నగారి చిన్నబాబే అయ్యుంటాడు, వాడి నోట్లో మాట దాగదు. వాడు రాయనిది నేను రాస్తాను, వినండి.

గవర్నమెంటువాళ్ళు పోయిన నెల మన పాలేనికి మంచినీళ్ళ బావి శాంక్షన్ చేశారు. మన ఆడవాళ్ళ అవస్థ మీరు పుట్టినప్పటినుంచీ చూసిందే. బ్రహ్మయ్యగారి తోటలో బావి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడాలి. వాళ్ళ జీతగాడు తీరిక చేసుకుని వచ్చి తోడి పోస్తే తెచ్చుకోవాలి. చేద మన చేతికి తగలకూడదు. టీచరమ్మనని నాకేం మినహాయింపు లేదు, నాదీ అదే వరస. ఒక్కోరోజు బడి గంట కొట్టాక కూడా నా బిందె నిండదు. అందుకే బావి అనేసరికి ఆడవాళ్ళమంతా ఎగిరి గంతేశాం. నందిగామ నుంచి ఓవర్సీరు వచ్చి, "మీలో మీరు ఒక మాటనుకుని మేకు పాతండి, వచ్చే శనివారం వచ్చి అక్కడే పని మొదలెట్టిస్తా" అని చెప్పి వెళ్ళాడు. పాలెంలో ఏ పనికైనా మేకు పాతేది మీ అన్నయ్యే కదా.

మర్నాడే బ్రహ్మయ్యగారు బండి కట్టించి, మన పెద్దమనుషుల్ని పాలేరు వాగు అవతలికి తీసుకెళ్ళారు. మన వైపు ప్రొహిబిషను. వాగు దాటితే నైజాం వైపు, అక్కడ కల్లుకి అడ్డేమీ లేదు. అందుకేగా మన పాలెం తగువులన్నీ ఏళ్ళ తరబడి ఆ అవతలి తాటితోపులోనే తీరుతున్నాయి! మొగుడూ పెళ్ళాల తగువైనా సరే, అత్తాకోడళ్ళ తగువైనా సరే. ఆడది ఆ తోపులో అడుగు పెట్టదు. మన గురించి ఏం తేల్చారో మనం మర్నాడు వినాలి.

పొద్దున పూట మీ అన్నయ్య పులి. శ్మశానం దారికి కంచె వేస్తే ఒక్కడే వెళ్ళి పీకి పారేసిన మనిషి. కూలి కొలత తగ్గించారని తాసిల్దారు ముందు నిలబడి నిలదీసిన మనిషి. అదే మనిషికి కడుపులో కల్లు పడిందంటే లోకంలో అందరూ తమ్ముళ్ళే. ఎవరేమడిగినా, "అట్టాగేలేరా, దానిదేముంది" అంటారు. అరవరు, తూలరు, ఒకర్ని పల్లెత్తు మాటనరు. అందుకే ఎవరూ దాన్ని తాగుడనరు, మంచితనం అంటారు. ఇదీ మీ దొరగారి యుద్ధం అంటించిన అలవాటే. బర్మా వైపు రోడ్డు పనికి తీసుకెళ్ళి, సాయంత్రమయ్యేసరికి రమ్ము పోసి, తెల్లారి ఏం చెయ్యమంటే అది చేయించుకున్నారట కదా. మీ అన్నయ్యే చెబుతుంటారు.

సరే, అవతల్నుంచి వచ్చారు, మేకు పాతారు. ఎక్కడ? బ్రహ్మయ్యగారి మిరపతోట కంచె పక్కన! బావి గవర్నమెంటుది, నీళ్ళు మిరపతోటకి, మనకి మళ్ళీ బిందెల వరస. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మీ అన్నయ్య అరుగు దగ్గరికి వెళ్ళాను.

"అక్కడెందుకు పాతారు బావగారూ?"

"మాటిచ్చానమ్మా."

"తాగి ఇచ్చిన మాట!"

"తాగి ఇచ్చినా మాటే గదా. రాత్రిచ్చిన మాట పొద్దున్నే మార్చుకునేవాణ్ణి పెద్దంటారా ఎవరన్నా?"

"మరి మా బిందెల సంగతి?"

ఆయన తల దించుకుని కండువా మడత పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆయనకీ బాధగానే ఉంది, అది కనపడుతూనే ఉంది. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది. తాగినప్పుడు ఇచ్చే మాటని తాగనప్పుడు నిలబెట్టుకునే పెద్దతో ఎలా నెగ్గుకు రావాలి చెప్పండి? గట్టిగానే అరిచాను. మీ చిన్నబాబు విన్నది ఆ అరుపులే.

ఇక ఇక్కడినుంచి ఉత్తరం ఎవరికీ వినిపించకుండా మీరొక్కరే చదువుకోండి. పోయిన సెలవుకి వచ్చినప్పుడు మీ ట్రంకుపెట్టెలో యూనిఫాం కింద దొరికిన రమ్ము సీసాని పెరట్లో పారబోశానని చెప్పాను కదా. పారబొయ్యలేదు. మీరు అంత దూరం నుంచి మోసుకొచ్చిన వస్తువు, పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. వడ్ల గాదెలో దాచాను.

శనివారం ఓవర్సీరు వస్తాడనగా శుక్రవారం పొద్దు వాలుతుండగా బావగారిని కాఫీకి పిలిచాను. సండే స్కూలు టీచరుని, స్త్రీల సమాజం కార్యదర్శిని, మీ భార్యని, ఈ చేత్తోనే గ్లాసులో రమ్ము పోశాను.

"ఇదేందమ్మాయ్! తమ్ముడికి తెలిస్తే?" అన్నారు.

"సీసా మీ తమ్ముడిదే" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? అప్పటికి వచ్చి ఉన్న మీ ముందటి ఉత్తరం తెచ్చి ఆ దొర ముక్క చదివి వినిపించాను. "తాగి యుద్ధాలు గెలిచినవాళ్ళున్నారు బావగారూ, మీరేం మొహమాటపడకండి" అన్నాను. మీ వకీలుని నేను కూడా వాడుకున్నానండీ!

ఆయన మహా సంతోషపడ్డారు. బర్మా కబుర్లు చెప్పారు. రెండో గ్లాసు సగంలో ఉండగా, "ఆ మేకేదో బడి పక్కన పాతితే బాగుంటుంది కదండీ" అన్నాను.

"అట్టాగేలేమ్మా, దానిదేముంది."

వెళ్ళి, కంచె పక్కన మేకు పీకి, తెచ్చి బడి పక్కన పాతారు. మన గుమ్మం ఎదురుగానే. నేను వెంటే ఉండి చూశాను. గెలిచాననుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, అది కూడా మీకు చెప్పాలి.

పొద్దున ఓవర్సీరు వచ్చాడు. బ్రహ్మయ్యగారు వచ్చారు. మేకు చోటు మారిందని తెలిసి పాలెమంతా పోగయింది. బావగారు స్నానం చేసి తెల్ల కండువా వేసుకుని, చేత్తో సమ్మెట పట్టుకుని వచ్చారు. వంగి, బడి పక్కన మేకు ఊడబీకారు.

బ్రహ్మయ్యగారు నవ్వి, "అదీ! రత్తయ్య ఆడిన మాట తప్పడని నాకు తెలుసు" అన్నారు.

బావగారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, తమ్ముడు రాసిన ఆ దొరకి ఎవరు పోసేవాళ్ళో రాశాడా?"

అంతమందిలో ఆ ప్రశ్న ఎందుకో నాకర్థం కాలేదు. "లేదు బావగారూ. ఆయన గ్లాసు ఆయనే నింపుకునేవాడేమో" అన్నాను.

"అక్కడుంది తేడా. నాకెప్పుడూ ఎవరో ఒకరు పోస్తారు. అవతల అయ్యగారు పోశారు, మేకు కంచె కాడ దిగింది. నిన్న..." ఆగి నా వంక చూశారు. "నిన్న ఇంకొకరు పోశారు, ఇక్కడ దిగింది. చెయ్యి నాదేగానీ రెండూ నేను పాతినవి కావు."

నా పేరు ఎత్తలేదు. ఎత్తి నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదండీ. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి నాకిచ్చిన మాటేంటి రత్తయ్యా?" అన్నారు బ్రహ్మయ్యగారు.

"అది కల్లుకిచ్చిన మాటండి అయ్యగారూ. కల్లే వచ్చి అడిగితే దానికి జవాబు చెప్పుకుంటా" అన్నారు బావగారు. జనం గొల్లుమన్నారు. బ్రహ్మయ్యగారు చరచరా వెళ్ళిపోయారు. తర్వాత బావగారు ఆడవాళ్ళ వైపు తిరిగి, "నీళ్ళు మోసేది మీరు. ఎక్కడ పాతమంటారో మీరే చెప్పండి" అన్నారు.

ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఇన్నేళ్ళలో వాళ్ళనెవరూ ఏదీ అడగలేదు మరి. నేనైనా అడిగానా? లేదు. చివరికి ఆ కొస ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలి పున్నమ్మ ముందుకొచ్చింది.

"బడి కాడ వద్దయ్యా. గుడి ఎనకాల పల్లంలో పాతు. అన్ని ఇళ్ళకీ ఒకటే దూరం. టీచరమ్మ గుమ్మంలో బావుంటే మళ్ళీ టీచరమ్మ ఎప్పుడు లేస్తుందా అని చూడాల."

ఆడవాళ్ళంతా అవునవునన్నారు, కొందరు నవ్వారు కూడా. నేను పాలెం మేలనుకున్నది మన గుమ్మానికి దగ్గరైన మేలు. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. బ్రహ్మయ్యగారిని ఎన్ని మాటలన్నానో తల్చుకుంటే నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పల్లం కాబట్టి నీళ్ళు కూడా తొందరగా పడతాయని ఓవర్సీరు అన్నాడు. బావగారు పున్నమ్మ చెప్పిన చోటే, చర్చి వెనకాల, మూడోసారి మేకు పాతారు. ఆ సమ్మెట దెబ్బలకి బడి కిటికీలు అదిరాయి. నిన్నటికి తడిమట్టి తగిలింది.

బావగారు తాగుడు మానేశారా అని అడుగుతారు, నాకు తెలుసు. మానలేదు. మంగళవారం మళ్ళీ వాగు దాటారు. కాకపోతే వెళ్ళేముందు పాలెం నడుమ నిలబడి, "ఇయ్యాల నేను పెద్దని కాదు, నన్నెవరూ ఏమీ అడగబాకండి, ఏదున్నా రేపు పొద్దున రండి" అని కేకేసి చెప్పి మరీ వెళ్ళారు. ఆరోగ్యమ్మక్క నవ్వలేక చచ్చింది. తగువులు మాత్రం ఇకనుంచి ఇవతలే, పొద్దున పూట, మన బడి వరండాలో. మొన్నటి తగువుకి ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వరండా చాల్లేదు.

తన తర్వాత తమ్ముడు ప్రేమానందమే పెద్ద అని బావగారు అందరితో అంటున్నారు. మీరు పెన్షన్ పుచ్చుకుని వచ్చాక ఆ బాధ్యత మీదే. ఆ పని మీరు బ్రహ్మాండంగా చేస్తారు, నాకు నమ్మకముంది. రమ్ము తాగొద్దని ఇక సణగను. ఆ చలి ఎలాంటిదో మీకు తెలుసు, మీ కొలత మీకు తెలుసు. మీ సీసాలో సగం ఇంకా గాదెలోనే ఉంది. వచ్చాక మీరే తీసుకుని, మీరే పోసుకోండి. ఎవరు పోసినా పుచ్చుకోకండి, నేను పోసినా సరే. నా చేత్తో పోస్తే తర్వాత మిమ్మల్ని ఏం అడుగుతానో నాకే నమ్మకం లేదు.

నీళ్ళంటారా, మీరు వచ్చే వేళకి మన బావిలో ఉంటాయి. అవి మాత్రం నేనే తోడి, నా చేత్తోనే పోస్తాను. దానికి మిమ్మల్ని ఏమీ అడగను.

ఇట్లు,
మీ రాక కోసం స్వెట్టరు అల్లుతున్న మీ భార్య,
జయమణి.