కాన్పులు: ఒకటి

సస్కటూన్,
ఫిబ్రవరి 28, 2023.

ప్రియమైన చెల్లి సంతోషానికి,

ప్రభువు నామంలో నీకూ మరిదిగారికీ మా వందనాలు. ఇక్కడ నేను, మీ బావ, నీ కూతురు ఏనీ ముగ్గురం ఆయన కాపుదలలో ఉన్నాం. మీరూ అలాగే ఉండాలని రోజూ మీ పేర్లు పలికే ప్రార్థన ముగిస్తున్నాం.

ఈ ఉదయం సంగతి ముందు రాస్తాను. ఐదున్నరకి లేచాను. బయట మైనస్ ఇరవై ఎనిమిది. ఇంజను గడ్డకట్టకుండా మీ బావ రాత్రే కారుకి కరెంటు తీగ తగిలించి ఉంచారు. నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరిగాను. ముగ్గురం వంటగదిలోనే నిలబడి ప్రార్థన చేసుకున్నాం. ఏనీ కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద నిలబడి సాక్సు తొడుక్కుంటోంది. నేను చూడలేదనుకుంది. ఆమెన్ అనగానే వచ్చి నా ముందు కింద కూర్చుని "పెద్దమ్మా, జడ" అంది. యూనివర్సిటీలో మాస్టర్స్ చదివే ఇరవై మూడేళ్ళ పిల్ల. ఉన్ని టోపీ కింద ఎవరికీ కనబడని జడ.

"అంత గట్టిగా లాగకు, మెదడు బయటికొచ్చేస్తుంది."

"ఉంటే రానీ" అన్నాను.

అంతే. ఆ ఉదయంలో ఇంకేమీ జరగలేదు. పొద్దుటి నుంచీ నాకు ఆ జడే గుర్తొస్తోంది.

నీ ఉత్తరం, నువ్వు కుట్టి పంపిన రెండు నూలు నైటీలు మన నరసాపురం పిల్ల తెచ్చి ఇచ్చింది. ఈ జనవరిలో మా సంఘానికి కొత్తగా పదకొండు మంది విద్యార్థులు వచ్చారు. కుర్చీలు చాలక మీ బావ ఆదివారం గోడకి ఆనుకుని నిలబడుతున్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి ఈ శనివారం ఇంటికి వెళ్తోంది. ఈ ఉత్తరం ఆమె చేతే పంపుతున్నాను.

ఆసుపత్రిలో ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగావు. రెండు రాత్రులు. పది నెలలు ఎదురుచూశాక మార్చి 21 తేదీ ఇచ్చారు. గర్భసంచి తీసేస్తారు. గడ్డలు చెడ్డవి కావని పరీక్షలో తేలింది, కాబట్టి నువ్వు కన్నీళ్ళు పెట్టుకోవద్దు. నీ నైటీలు ఇంటికొచ్చాకే వేసుకుంటాను, అక్కడ వాళ్ళ గౌనే వేసుకోవాలి. అన్నం ఎవరు పెడతారన్నావు. మొదట సూపు ఇస్తారట. ఏనీ చారన్నం చేసి తెస్తానంటోంది. దాని చారు సంగతి నీకు తెలుసు కాబట్టి, సూపే మేలని నేనేమీ అనలేదు. ముందురాత్రి నుంచి ఏమీ తినకూడదు. శుక్రవారాలు ఉపవాసం ఉండేదాన్ని, అది నాకు కష్టం కాదు. ఒంటి మీద నగ ఉండకూడదట, పెళ్ళి ఉంగరం మాత్రం వేలి నుంచి రావడం లేదు. సబ్బునీళ్ళలో నానబెట్టి మీ బావ పావుగంట లాగారు. "ముప్పై ఏళ్ళ క్రితం ఇంత గట్టిగా పట్టుకోలేదు నువ్వు" అన్నారు.

ఏనీ చదువు పాడవదు కదా అని కూడా అడిగావు. ఆ సంగతి చివర రాస్తాను.

ఈ రోజు పదింటికి ఆపరేషన్ ముందు జరిపే పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళాను. ఏనీ తోడొచ్చింది. నర్సు మంచి మనిషి. నేను వేసుకునే మాత్రలు, పడని మందులు, అమ్మకి షుగరుందా, నాన్నకి గుండె జబ్బుందా, అన్నీ అడిగి రాసుకుంది. అప్పుడు ఎన్ని కాన్పులని అడిగింది.

"ఒకటి" అన్నాను.

నర్సు ఏనీ వైపు చూసి నవ్వింది. "ఈ అమ్మాయేనా?"

అవునన్నాను.

"మామూలు కాన్పా, ఆపరేషనా?"

నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించాను. ఏనీ నా వైపు ఒక్కసారి చూసి, చాలా తేలిగ్గా చెప్పింది: "నార్మల్. ముప్పై గంటలు నొప్పులు పడిందట. ఇప్పటికీ దెప్పుతుంది."

నర్సు నవ్వుతూ రాసేసుకుంది.

ఆ ముప్పై గంటలు నీవి, సంతోషం. నేను ఆ గది బయట బల్ల మీద కూర్చుని నీ కేకలు లెక్కపెట్టిన గంటలు. బిడ్డని గుడ్డలో చుట్టి మొదట నా చేతికే ఇచ్చారు. నీకివ్వడానికి నేను కొంచెం ఆలస్యం చేశాను. నువ్వు మగతలో ఉన్నావు, నీకు తెలియదు.

టాక్సీ ఎక్కాక ఏనీ "అమ్మకి తెలిస్తే ఆ ముప్పై గంటలకి అద్దె అడుగుతుంది పెద్దమ్మా" అంది. నేను నవ్వలేదు. అది చూసి దారంతా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నీకు నిజం చెప్పాలి. అది నోరుజారిన మాట కాదు. సంఘంలో కొత్త పిల్లలు "మీ అమ్మాయా ఆంటీ?" అంటే రెండేళ్ళుగా అవుననే అంటున్నాను. చెల్లెలి కూతురు మనకి కూతురే కదా, ఇందులో అబద్ధమేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నర్సు అడిగింది వరస కాదు. నా ఒంటి సంగతి. అక్కడ కూడా నాకు లేదు అనబుద్ధి కాలేదు. పిల్లలు లేరన్న లోటు నాకు లేదని నీతో ఎన్నోసార్లు అన్నాను. ఆ మాట నిజం కాదు. ఇంకొకటి కూడా ఉంది. ఏనీకి పడమటి సముద్రం వైపున్న సర్రీలోనూ సీటొచ్చింది. అక్కడ ఇంత చలి ఉండదు. సస్కటూన్ మేలని నీకు చెప్పిందీ, చలి సంగతి చెప్పకుండా దాచిందీ నేనే. దేవుని దగ్గర ఒప్పుకున్నాను. నీ దగ్గర ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సాయంత్రం ఏనీ ఆసుపత్రి వాళ్ళిచ్చిన పుస్తకం చదువుతూ ఆగిపోయింది. గర్భసంచిని పొట్ట కోసి తీయాలా, కింది దారిన తీయాలా అన్నది కాన్పుల్ని బట్టి కూడా చూస్తారట. "పెద్దమ్మా, ఇది దిద్దాలి" అంది. అప్పుడు మీ బావకి చెప్పాం. ఆయన చెంచా కింద పెట్టారు. తిడతారనుకున్నాను.

"ఒకటేనా చెప్పింది? ఎలాగూ చెప్తున్నప్పుడు ఇద్దరని చెప్పాల్సింది. రెండోవాడుంటే మంచు తీసేవాడు" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ముందు తప్పు చెప్పానంటే తేదీ పోతుందేమోనని నాకు భయం. ఇంకో పది నెలలు ఈ రక్తహీనతతో నిలబడలేను. ఆ మాట కూడా పైకే అన్నాను. "పోతే మళ్ళీ ఎదురుచూద్దాం, నిన్ను తప్పుదారిన కోయనివ్వను" అన్నారు మీ బావ. ముగ్గురం ప్రార్థన చేసుకున్నాం. ఈసారి ఏనీ కదలలేదు.

రేపు ఎనిమిదింటికి నేనే ఫోను చేసి, కాన్పులు లేవని నా నోటితో చెప్పాలని అనుకున్నాం. ఏనీ చెప్తానంటే వద్దన్నాను. ఇరవై ఒకటిన దానికి పరీక్ష ఉంది. అది రాశాకే ఆసుపత్రికి రావాలని మీ బావ గట్టిగా చెప్పారు. కాసేపు అలిగి ఒప్పుకుంది. ఆసుపత్రి కాగితంలో, అవసరమైతే నా తరఫున పిలవాల్సిన వాళ్ళలో మొదట మీ బావ, తర్వాత ఏనీ. ఏనీ పేరు పక్కన కూతురని ఉన్నది కొట్టించి, చెల్లెలి కూతురని రాయించాలి. "అలాగే ఉంచు పెద్దమ్మా, నాకేం అభ్యంతరం లేదు" అని అది ఎంతసేపో వాదించింది. నీకు ఉండొచ్చు కదా అన్నాను. అప్పుడు మెత్తబడి, అయితే మూడో పేరు తను చెప్తానంది. నీ పేరు, నీ ఫోను నంబరు చెప్పింది. అంత దూరం నుంచి మీ అమ్మ ఏం చేయగలదని నేనన్నాను. "ఏం చేయక్కర్లేదు. నువ్వు మెలకువొచ్చి అడిగేది అమ్మనే కదా" అంది.

అందుకు ముగ్గురం ఒప్పుకున్నాం.

ఇట్లు,
నీ మీద బెంగతో, నీ క్షమాపణ కోరుతూ,
నీ పెద్దక్క
బాలకుమారి