దొరగారి మేత

ప్రియమైన అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వూ మావాడూ విడిపోయాక నిన్ను ఏమని పిలవాలో నాకెవరూ చెప్పలేదు. కోర్టువాళ్ళు గిన్నెలూ బీరువాలూ అన్నీ పంచారు గానీ పిలుపుల సంగతి మరిచిపోయారు. అందుకని పాత పిలుపే వాడుతున్నాను. అభ్యంతరముంటే రాయి.

పిడుగుకి చెప్పు, దాని కుందేలు క్షేమం. దొరగారు పొద్దున్నే నా చెప్పుల వాసన చూసి, ఇంటి యజమానిని నేను కాదని నిర్ధారించుకుని మంచం కిందికి వెళ్ళిపోతారు. "తాతా, ఆ ఊళ్ళో మా ఇంటి ఓనరు జంతువుల్ని రానివ్వడంట, నువ్వే చూస్కో" అని మనవరాలు అప్పగించి వెళ్ళిన నాటి నుంచి నా ఉద్యోగం ఇదే.

ఇక అసలు సంగతి. షాపులో కుందేలు మేతకి రెండు రకాల గుళికలున్నాయి. ఒకటి ఆకుపచ్చగా, మందుబిళ్ళల్లా నీరసంగా ఉంది. రెండోదాంట్లో పసుపూ ఎరుపూ ముక్కలు, గింజలు, చూస్తే నాకే నోరూరింది. ఏది కొనమంటావు? ఇంకో మాట. ఎండుగడ్డి పూర్తిగా మానేసి ఉత్త గుళికలతో దొరగారిని పోషించవచ్చా? షాపువాణ్ణి అడిగితే, "మీరు అన్నం మానేసి ఉత్త కూర తింటారా తాతగారూ?" అన్నాడు. "పళ్ళు లేవు బాబూ, ఏది పెట్టినా మింగుతాను" అన్నాను. జీవితమంతా ఊరందరికీ కట్టుడుపళ్ళు చేసినవాడు తన నోటికి మాత్రం సరిపడే సెట్టు చేసుకోలేకపోయాడంటే నవ్వకు. మంగలి తన తల తాను గొరుక్కుంటాడా?

త్వరగా జవాబు రాయి.

నీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

పిలుపు మార్చకండి.

రంగుల ముక్కలు వద్దు. కుందేలు తియ్యటివి ఏరుకుని తిని మిగతాది వదిలేస్తుంది, అచ్చం మీ మనవరాలిలా. సంచి మీద పీచు ఎంతుందో చూసి, ఎక్కువున్న ఆకుపచ్చవే కొనండి. రోజుకి ఒక్క పిడికెడు. పిడుగు పిడికిలి, మీది కాదు. మిగతాదంతా గడ్డే. పగలూ రాత్రీ దాని ముందు గడ్డి ఉండాలి. కొనేటప్పుడు చేత్తో నలిపి వాసన చూడండి. కమ్మగా ఉండాలి, పచ్చదనం పోకూడదు, ఆకుతో పాటు కాడ కూడా కలిసుండాలి. దుమ్ము రాలినా బూజు వాసన వచ్చినా అక్కడే వదిలేయండి.

గడ్డి మానడం కుదరదు. దాని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. కడుపు నడిచేదీ గడ్డితోనే.

ఇంతకీ ఎందుకు మానాలనుకుంటున్నారు? ఇల్లు ఊడ్చలేకనా?

నాకు బేకరీలో తెల్లవారుజాము పని పడింది. నేను వచ్చేసరికి పిడుగు తన జడ తనే వేసుకుని బడికి వెళ్ళిపోతోంది. ఆ జడ ఎలా ఉంటుందో అడగకండి.

పిడుగు వాళ్ళమ్మ

*

ప్రియమైన అమ్మాయికి,

జవాబు ఆలస్యమైంది. ఎండలు పోయి వానలు కూడా మొదలయ్యాయి. తిన్నగా చెప్పేద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి పాత దారిలోనే పోతోంది. కొంచెం ఓపిక పట్టు.

ఒకప్పుడు నా దగ్గర ఒక హెడ్మాస్టరు పళ్ళు కట్టించుకున్నాడు. ఆ సెట్టు ఆయన చిగుళ్ళు కోసేస్తోందట. ఆ ముక్క నాకు చెప్పకుండా ఏడాదిపాటు పాలు తాగి బతికాడు. చివరికి ఆయన భార్య వచ్చి కేకలేస్తే, "మీరు నొచ్చుకుంటారని" అన్నాడు. అంత మొహమాటస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు, అద్దంలో తప్ప.

మావాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడమ్మా. ఆవిడ అప్పుడప్పుడు ఇంటికి వస్తోంది. మంచి మనిషి. ఆ మాట నీకు రాయడం తప్పో ఒప్పో నాకు తెలియదు. మొదటిసారి వచ్చినప్పుడు గడ్డిబుట్ట పక్కన కూర్చుని తెరిపి లేకుండా తుమ్మింది, ఆపైన ఆయాసపడింది. సంచిలోంచి మందు తీసి పీల్చుకుంది. ఎవరూ అడగలేదు గానీ, మర్నాడే నేను గడ్డి తీసేశాను. ఈ ఇల్లు ఒకసారి విరిగింది. రెండోసారి గడ్డిపోచ వల్ల విరగకూడదు.

కంగారు పడకు, పళ్ళ సంగతి నాకు వదిలెయ్. నా పాత పనిపెట్టెలోంచి సన్న ఆకురాయి తీశాను. వారం వారం దొరగారిని తువ్వాలులో చుట్టి ముందుపళ్ళు అరగదీస్తున్నాను. అద్దంలా ఉన్నాయి. ఇన్నాళ్ళకి నా పనితనానికి తగిన నోరు దొరికింది. ఈమధ్య మాత్రం గుళికలు నోట్లో వేసుకుని వదిలేస్తున్నారు. గడ్డం కింద ఎప్పుడూ తడే. ముసలివాళ్ళం ఇద్దరం చొంగ కారుస్తూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటున్నాం.

నీ మామయ్య

*

మామయ్యగారూ,

ముందు ఆ ఆకురాయి అవతల పారేయండి. కుందేలుకి వెనక దవడపళ్ళు కూడా పెరుగుతాయి. అవి మీకు కనబడవు. గడ్డి లేకపోతే సూదుల్లా పెరిగి నాలుకని కోస్తాయి. ఆ చొంగ అందుకే. ఈ ఉత్తరం చదవగానే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చొక్కా మార్చుకోవడానికి కూడా ఆగకండి.

పెళ్ళి సంగతి నాకు తెలుసు. పిడుగుని చూడ్డానికి వచ్చినప్పుడు ఆయనే చెప్పారు. నాకేమీ అనిపించలేదు. అనిపించలేదనే రాస్తున్నాను, మీరూ అలాగే చదవండి.

ఎవరు తుమ్మినా సరే, దాని ముందు గడ్డి పెట్టండి. ఇక్కడ ఓనరుని నేను అడుగుతాను.

పిడుగు వాళ్ళమ్మ

*

ప్రియమైన అమ్మాయికి,

దొరగారు పోయారు.

డాక్టరు నోరు తెరిచి, లైటు వేసి నన్ను చూడమన్నాడు. వెనకపళ్ళు ముళ్ళకంచెలా నాలుక మీదికి వంగి ఉన్నాయి. అవి కత్తిరించాడు. కానీ కడుపు ఎప్పుడో ఆగిపోయిందన్నాడు. "ముందుపళ్ళు మాత్రం ఎవరో భలే అరగదీశారే" అన్నాడు. మెచ్చుకున్నాడు పాపం.

ఇంటికి తెచ్చేసరికి ఆవిడ వచ్చి ఉంది. దొరగారి వంక చూసి, "దీని గడ్డేది?" అంది. చెప్పాను.

"నాకోసం తీసేశారా? నన్నొక్క మాట అడగొచ్చుగా మామయ్యగారూ! బుట్ట వరండాలో పెడితే సరిపోయేది. నాకు పూలు పెట్టినా ఆయాసమే, దుప్పటి దులిపినా ఆయాసమే. చిన్నప్పట్నుంచీ దాంతోనే కాపురం."

తనే వెళ్ళి గడ్డి కొనుక్కొచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని నేల మీద కూర్చుని ఒక్కో పోచా అందించింది. దొరగారు వాసన చూశారు. ఒక పోచ నోట్లోకి తీసుకున్నారు కూడా. నమలలేకపోయారు. అది పెదవి మీద ఉండగానే మధ్యాహ్నానికి పోయారు. ఆవిడ బయటికెళ్ళింది. ఏడుపు వల్ల ఆయాసమో, ఆయాసం వల్ల కన్నీళ్ళో, లోపలినుంచి నాకు తెలియలేదు.

ఇన్నాళ్ళూ ఆవిడ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పాను. హెడ్మాస్టరు కథ కూడా చెప్పి నవ్వించాను. ఆ ఒక్క మాటే అడగలేదు.

ఇక నీకు రాయడానికి నా దగ్గర ప్రశ్నలు లేవు. పిడుగుకి ఎలా చెబుతావో. తప్పంతా తాతదేనని చెప్పు.

నీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

మీ ఉత్తరం రావడానికి ముందురోజే ఓనరుని అడిగాను. మెట్ల మీద బల్బు మారుస్తున్నాడు. "కుక్కలొద్దన్నాను గానీ కుందేలుకేమమ్మా, మొరుగుతుందా, కరుస్తుందా? తెచ్చుకో" అన్నాడు. బల్బు బిగించడం కూడా ఆపలేదు.

ఈ ఇంట్లో దిగిన రోజే ఆ మాట అడిగి ఉండాల్సింది. నేను కావాలనే అడగలేదు మామయ్యగారూ. కుందేలు అక్కడుంటే మీరు దాని మేత గురించి రాస్తారు, నేను జవాబిస్తాను, అలా నడిచిపోతుందనుకున్నాను. ఆ ఇంట్లోంచి నేను తెచ్చుకోవాలనుకున్నది మిమ్మల్ని ఒక్కరినే. అది ఏ హక్కుతో అడగాలో తెలియక కుందేల్ని మీ దగ్గర వదిలాను. పిడుగు అడిగినప్పుడల్లా "ఓనరు ఒప్పుకోడే" అన్నాను. అందుకని, తప్పంతా మీదేనని నేను దానికి చెప్పలేను.

నిన్న అంతా చెప్పేశాను. గడ్డి సంగతీ, ఆకురాయి సంగతీ, ఓనరు సంగతీ. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "తాత పళ్ళు అరగదీస్తుంటే దొరకి నొప్పి పుట్టిందా?" అని అడిగింది. తెలీదన్నాను. "తాతకి తెలుసా?" అంది. ఆ తర్వాత కంచం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని తిన్నది.

ఆదివారం రండి. మొదటి బస్సు దిగితే ఎదురుగానే మా బేకరీ, నేను బయటే ఉంటాను. పిడుగు అడిగినదానికి మీకు తెలిసినంతవరకు నిజం చెప్పండి. ముద్దు చేసి, కథలో పెట్టి చెప్పకండి. నేను పక్కనే కూర్చుంటాను. అది నావైపు తిరిగి నన్ను అడిగేటప్పుడు మీరు కూడా లేచి వెళ్ళిపోకండి.

పిడుగు వాళ్ళమ్మ